అన్నయ్య గొంతులోని వణుకు

జ్యేష్ఠ బహుళ ఏకాదశి, శుక్రవారం రాత్రి

అమీర్‌పేట కూడలిలో కంప్యూటర్ కోర్సుల పిల్లల నడుమ ఇరుక్కుని, పంజాగుట్టలో పాత ప్లేయర్లు బాగుచేసే యాదగిరి దుకాణం చేరేసరికే ఒళ్లు అలసిపోయింది. నా రికార్డు ప్లేయరుకు సూదిని మోసే టోన్ ఆర్మ్ మార్చాలని అమ్మాయి సుజాత పట్టుదల; తనూ వెంట వచ్చింది. యాదగిరి రెండు కొత్తవి చూపించాడు. పోల్చి వినడానికి ప్లేయరుతో పాటు అన్నయ్య పద్యాల రికార్డు తీసుకువెళ్లాను. కర్ణుడు తల్లి వద్ద సెలవు తీసుకునే పద్యం అందులో చివరిది. అమ్మ గతించిన నెలకే అన్నయ్య దాన్ని పాడాడు. ముగింపు రాగంలో ఆయన గొంతు వణుకుతుంది. అది అమ్మను తలచుకుని వచ్చిన దుఃఖమని ఇన్నేళ్లూ నమ్మాను. యాదగిరితో సహా ఎందరికో చెప్పాను కూడా.

మొదటి ఆర్మ్‌తో విన్నాం. వణుకు లేదు. రెండవదానితోనూ లేదు. పాతది మళ్లీ బిగించమన్నాను. వణుకు తిరిగి వచ్చింది.

"ఏడ్చింది పెద్దాయన కాదు సార్, మీ పాత ఆర్మే," అని యాదగిరి నవ్వాడు.

"పోనీలెండి నాన్నగారూ, పెదనాన్న ధైర్యంగానే పాడారన్నమాట," అంది సుజాత.

"మరి ఏది ఖాయం జేస్తరు సార్?"

"రేపు చెబుతాను," అన్నాను.

మొదటిదే మేలైనది. ఉన్నది ఉన్నట్టు వినిపించేదాన్ని వద్దనడం చదువుకున్నవాడికి తగదు. అన్నయ్య నిబ్బరంగా పాడినందుకు సంతోషించవలసినవాణ్ణే. కాని ఆ పద్యం విన్నప్పుడల్లా అమ్మ కోసం ఇద్దరం కలిసి ఏడుస్తున్నామనుకున్నాను. ఇన్నాళ్లూ నేనొక్కణ్ణేనా...