గంగన్న అడిగిన చట్టం పేరు

గురువారం రాత్రి, నజ్మా బజారు

గంగన్నా, బాగున్నవా? పొద్దున నువ్వు ఫోన్ చేస్తే గిరాకీ ఉందని కట్ చేసిన, మళ్ల చెయ్యలే, ఏమనుకోకు. నిజానికి షాపుల ఎవ్వలు లేకుండె. నీకు పంపే ధైర్యం లేక ఈ ఫోన్ డైరీల టైప్ చేస్తున్న.

మనిద్దరం ఈ ఎడారి దేశంల ఉండంగ ఊళ్లె నీ ఇంటి మీద బ్యాంకు నోటీసు వచ్చిందంటే నేనే గదా అన్న, "రైతు ఇల్లు జప్తు చేసుడు ఎవ్వని తరం గాదు, చట్టం ఉంది, ఆ కాయితం అవతల పారెయ్" అని. ఫోన్ కవర్లు అమ్మేటోన్ని నాకెందుకు చట్టం? షాపులోళ్లు "వకీల్ సాబ్" అని నవ్విన్రు, నాకు మస్తు ఖుషీ అయింది.

ఇయ్యాల తలుపుకు వేలం కాయితం అంటించిన్రట. అయినా పొద్దున ఫోన్ల నువ్వు నమ్మకంతోనే అడిగినవ్, "తమ్మీ, ఆ చట్టం పేరేందో చెప్పు, మీ వదిన బ్యాంకుల చూపిస్తదట."

నాకు పేరు తెల్వదన్నా.

సాయంత్రం జగిత్యాల వకీలుకు ఫోన్ చేసిన. చట్టం ఉన్నది నిజమేనట. ఉత్త చేబదులు ఇచ్చినోళ్లు రైతు ఇల్లు గుంజుకోకుండనట అది. మనమే బ్యాంకుల కుదువ పెట్టిన ఇంటికి పనిచెయ్యదట. "నోటీసు రాంగనే పోతే గడువు దొరుకుతుండె, ఎవడు ఆపిండు?" అన్నడు. నేనేనని చెప్పకుండ వదిన నంబరు ఇచ్చిన, వేలం ఆపే దారి చూస్తనన్నడు.

ఫోన్ల మాట్లాడితే మళ్ల ఏదో సాకు చెప్తనేమో... రేపు జుమ్మా సెలవు, నీకు డ్యూటీ లేదు గదా. మీ కూలీల క్యాంపుకు నేనే వస్త. ఈ ఒక్క ముక్క మాత్రం నీకు పంపుతున్న: ఎన్నింటికి కలుద్దామన్నా?