ఒకే లాగిన్‌తో ఇద్దరం

జూన్ 3
మా తెలుగు నేతవాళ్ళ సంఘం పుస్తకం ప్రెస్సుకు వెళ్ళడానికి పది రోజులే. సూరత్ మగ్గాల మీద బతికినవాళ్ళ జ్ఞాపకాలు. రాసేది నేనూ శ్రీలతా... ఒకటో తరగతి నుంచీ ఒకే బెంచీ. ఆన్‌లైన్‌లో ఫైలు ఒకటే, లాగిన్ కూడా ఒకటే — నాది. తన మెయిల్ మొరాయిస్తోందంటే పాస్‌వర్డ్ ఇచ్చేశాను. ఒక మగ్గం మీద పగలొకరు, రాత్రొకరు. మేమూ అంతే.

బాపు విని నవ్వాడు. "షిఫ్టు మారినప్పుడు బట్ట మీద చాక్‌పీసుతోని నిశాని పెడ్తం బిడ్డా. గీత దాకా నాది, ఆడికెల్లి వానిది. మరి మీరేం పెడ్తున్నరు?"

మా మధ్య గీతలెందుకు అన్నాను.

జూన్ 5
ఇన్నేళ్ళకు బాపు తమ్ముడి సంగతి చెప్పాడు. బమ్రోలి మగ్గాల కార్ఖానాలో మంటలు. రాజేశం చిన్నాయన లోపల. "గేటుకు బయటికెల్లి తాళం. శేఠే ఏయించిండు. మేం పలగ్గొట్టేసరికి..."

చెప్పింది చెప్పినట్టు టైప్ చేసి వినిపించాను. "తాళం మాట ఉండాలె. గదొక్కటి ఉంటె సాలు." మాటిచ్చాను.

జూన్ 8
ఆదివారం. శ్రీలతతో డుమస్ బీచికి. టమాటా భజియా — మొదటిది ఊది ఊది నా నోట్లో పెట్టింది. ఎంత నవ్వుకున్నామో.

జూన్ 9
తాళం లేదు.

"గేటుకు బయటి నుంచి తాళం వేసి ఉంది" — పోయింది. అక్కడ "పొగలో గేటు కనబడలేదు" అని ఉంది. పొరపాటున నేనే చెరిపానా? ఫైలులో పాత మార్పులు చూపించే చోటు తెరిచాను. నిన్న, మధ్యాహ్నం 3.12. తాళం వాక్యం మీద అడ్డగీత. పక్కన నా పేరు.

3.12కి నేను ట్యూషన్ పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. నా పేరుతో రాయగలిగేది ఇంకొక్కతే. నాలుగున్నరకు మా గుమ్మం ముందు స్కూటీ ఆపి హారన్ కొట్టింది. చెరిపేసి వచ్చి, భజియా ఊది పెట్టింది. ఛీ.

జూన్ 10
ఫోన్ చేశాను. కాదని బుకాయించనైనా లేదు. అందుకే ఇంకా మండింది.

"మా అన్న గా శేఠ్ కాడనే సూపర్‌వైజర్. బుక్కుల గట్ల పడితే అన్న నౌకరీ ఉంటదా? జర సమజ్ చేసుకో."

"నాకొక మాట చెప్పద్దా?"

"చెప్తే ఒప్పుకుంటుంటివా?"

ఒప్పుకునేదాన్ని కాదు. అయినా అడగాలి కదా! నమ్మించి గొంతు కోయడమంటే ఇదే. ఇక ఫైలు ముట్టుకోనంది. వాక్యం తిరిగి పెట్టాను. పాస్‌వర్డ్ మార్చబోయి ఆగాను. మారిస్తే స్నేహం అయిపోయినట్టే అనిపించింది... బుద్ధి తక్కువదాన్ని.

జూన్ 11
మళ్ళీ పోయింది. ఉదయం 11.40. మళ్ళీ నా పేరే.

సంఘం పెద్ద నర్సయ్య మామ దగ్గరికి పరుగెత్తాను. ఫైలు ఆయనకూ కనబడుతుంది. "ఏంది బిడ్డా, నువ్వే పెడ్తవ్, నువ్వే తీస్తవ్? ఇగో, రెండుసార్లు నీ పేరే." శ్రీలత పేరు చెప్పాను. "అక్కచెల్లెండ్ల లెక్క పెరిగిండ్రు. ఊకె నింద ఎయ్యకు."

పాస్‌వర్డ్ ఇచ్చిన సంగతి చెప్తే — "మరి ఇచ్చినోళ్ళదే తప్పు."

దారంతా ఏడుస్తూనే వచ్చాను. సిగ్గుపడలేదు.

జూన్ 12
పాస్‌వర్డ్ మార్చేశాను. వాక్యం పెట్టాను. గంట గంటకూ చూశాను. ఉంది.

శ్రీలత ఏడుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు.

సాయంత్రం బాపు షిఫ్టు నుంచి వచ్చి చెప్పులు కూడా విప్పలేదు. "నర్సయ్య ఫోన్ జేసిండు. తాళం మాట నువ్వే తీసినవట."

కాదన్నాను. లాగిన్ గురించి, 3.12 గురించి, శ్రీలత అన్న నౌకరీ గురించి... అంతా గడగడా చెప్పేశాను. ఫైలు తెరిచి, ఇదిగో ఉంది చూడు అని వాక్యం చూపించాను. బాపు కూడబలుక్కుని చదివాడు. తర్వాత పాత మార్పులు చూపించమన్నాడు. అడ్డగీత. నా పేరు. ఆ పేరు మీద వేలు పెట్టాడు.

"శేఠ్ గిట్ట నీకు ఫోన్ చేసిండా, బిడ్డా? భయపెట్టిండా?"

లేదన్నాను. సరేనని తల ఊపాడు. నమ్మినవాడు అలా ఊపడు.