నూనె పెట్టకూడని కత్తి

సైన్యంలో సార్జెంటుగా చేసి దిగిపోయిన నేను, ఊపిరితిత్తులు మొరాయిస్తున్నా బుర్ర సవ్యంగానే ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, స్వహస్తాలతో రాస్తున్న వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవేవీ ఇక చెల్లవు. దీన్ని అమలుపరచే బాధ్యత మా వీధి తాళాల మేస్త్రిది.

1. ఇల్లు, అందులోని సామానంతా సర్వహక్కులతో నా చెల్లెలికి. వంటింటి కత్తికి పదును పెట్టించలేదని ఎప్పుడూ నన్ను సాధించేది. ఇంట్లో పదునైనది ఉంటే నాకు నిద్ర పట్టదమ్మా, అంతే.

2. నా తమ్ముడికి వాలుకుర్చీ, రేడియో. మేస్త్రి దుకాణంలో దాచిన నా యుద్ధపు కత్తి మాత్రం దక్కదు. దాన్ని తన బట్టల కొట్లో గోడకు తగిలించి, వచ్చినవాళ్లకల్లా కోతలు కోయాలని వాడి ఆశ. ఒరేయ్, విను. అవతలివాడి పక్కటెముకల కింద పొడిచాను. ఎముకలో ఇరుక్కుంది. ఛాతీ మీద కాలు వేసి లాగాను. వాడు నా బూటు పట్టుకుని వాళ్లమ్మను పిలిచాడు. వాళ్ల భాషలో నాకు అర్థమైంది ఆ ఒక్క మాటే. అది కూడా తగిలిస్తావా గోడకి? మేస్త్రి దాన్ని నీ కళ్లముందే ముక్కలు చేయాలి. ఇది నా ఆజ్ఞ.

3. వచ్చే నెల సైన్యంలో చేరబోతున్న నా మేనకోడలికి, వాళ్ల నాన్న మల్టీటూల్. పటకారు, రంపం, స్క్రూడ్రైవర్, కత్తి, అన్నీ ఒక్క పిడిలోకి మడుచుకునేది.

అమ్మడూ, మీ నాన్నా నేనూ ఒకే దళంలో ఉన్నాం. ఆ ఇసుక నేలలో అందరం ఇలాంటివాటిని పొడిగుడ్డతో తుడిచేవాళ్లం. బావకు శుభ్రత పిచ్చి, దీనికి రోజూ నూనె పెట్టేవాడు. వద్దు బావా అంటే నవ్వేవాడు. నూనెకు ఇసుక అంటుకుని, తెరిచిన కత్తిని కదలకుండా పట్టుకునే లాకు సరిగ్గా పడలేదు. కందకంలో శత్రువులు మీదపడ్డారు. తుపాకీ జారిపోయి, బావ దీన్నే తెరిచి పొడిచాడు. కత్తి వెనక్కి మడుచుకుని అతని వేళ్లనే తెగ్గోసింది. అతను తేరుకునేలోపే అవతలివాడు గొంతు కోశాడు. నేను రెండు చేతులా అదిమినా నెత్తురు ఆగలేదు. నేను పొడిచింది ఆ అవతలివాడినే.

ఇది నీకు చెప్పనని మీ అమ్మ నాతో ఒట్టు వేయించుకుంది. నేను బతికున్నంతకాలం నిలబెట్టుకున్నాను.

మేస్త్రి లాకు బాగుచేశాడు. నూనె పెట్టకు. టక్కుమని చప్పుడు వినిపించేదాకా దాన్ని నమ్మకు. తీగలు కోసుకో, డబ్బాలు తెరుచుకో. మనిషి మీదికి ఎత్తే రోజు నీకు రాకూడదు. అప్పుడు ఇది ఇంటికొచ్చింది, మీ నాన్న రాలేదు. ఈసారి ఇది ఎక్కడ పోయినా పోనీ. నువ్వు రా, తల్లీ.

జూన్ తొమ్మిదో తేదీ, సోమవారం.

(సంతకం) మీ అన్నయ్య, అమ్మడి మామయ్య, మాజీ సార్జెంటు

సాక్షులు:
నాకు మందులిచ్చే డాక్టరు
పక్కింటి టైలరు (ఏడవకుండా సంతకం పెట్టమన్నాను, వినలేదు)