ఎలుగుబంటికి పచ్చజెండా

రాయపూర్, 22-3-53

అమ్మకు సూరిబాబు దండాలు. ఇక్కడ మనుషులూ మృగాలూ కులాసా.

అడవి మృగాలకు జడిసి నువ్వు అక్క ఇంటికి రావడం మానేశావు కనుక, నేనే స్వయంగా తనిఖీకి వెళ్లాను. నిన్న అక్కా బావగారితో ఆరంగ్ దగ్గర మహానది చూసి, అవతలి అడవిలో ఇప్పచెట్ల కింద పులిహోర విప్పామో లేదో, ఎలుగుబంటి వేంచేసింది. రైలు గార్డు ఉద్యోగం కదా, బావగారు అలవాటుకొద్దీ సంచిలోని ఎర్రజెండా ఊపారు. అది ఠక్కున ఆగి, మమ్మల్నే చూస్తూ నిలబడింది.

"ఆపేస్తే అదెలా పోతాదండీ? పచ్చది సూపండి!" అని అక్క కేక. చూపారు. బుద్ధిగా వెళ్లిపోయింది.

ఇక నీకేం భయం? వచ్చేటప్పుడు కొత్త చింతపండు, తాటిబెల్లం తే. ఆవు ఈనిందా? నాన్నగారికి నమస్కారాలు. అక్క నీ కోసం రోజూ మంచం దులిపి వేస్తోంది. బావగారు మాత్రం నువ్వు ఇక్కడ దిగేదాకా నీ బండికి పచ్చజెండా చూపరట.

సూరిబాబు