మోకాళ్ల మీంచి లేచాను

శాంతమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. "గీ వయసుల కండ గట్టిపడ్తదా ఏంది?" అని నవ్వేదానివి కదా, జవాబు చెప్తున్నాను విను.

కండ్లకోయలో జిమ్‌కు వెళ్తున్నాను. శామీర్‌పేట కటింగ్ షాపులన్నీ కలిపినా అన్ని అద్దాలుండవు. ఏ అద్దంలో చూసినా నా పొట్ట మాత్రం అంతే ఉంది. "పొట్ట కండగా మారదు తాతా, తొడలకు బలమైతే వస్తది," అన్నాడు ట్రైనర్.

నిన్ను పూడ్చిననాడు మోకరిల్లిన నన్ను ఇద్దరు కలిసి లేపారు. ఈ పొద్దున మళ్లీ నీ సమాధి దగ్గర మోకరిల్లాను.

"చెయ్యి పట్టుకో నాయినా," అన్నాడు మన పెద్దోడు.

"నీ చెయ్యి జేబుల పెట్టుకోరా!" అన్నాను. తొడలు వణికాయి, అయినా నేనే లేచాను.

ఈ ఆదివారం చర్చిలో నాకు కుర్చీ వేయొద్దని, అందరితోపాటు మోకరిస్తానని పాస్టరుకు ఫోన్ చేసి చెప్పేశాను.