బిషప్ గారి హారన్

మంగళవారం

ఈ ఉదయం బిషప్ గారి సిలువ గొలుసు సీటుబెల్టులో చిక్కుకుంది. నేను ఆయన ఆఫీసులో చేరినప్పటి నుంచి ఆయన్ను నా కారులో చర్చిలన్నిటికీ తిప్పుతున్నది నేనే కాబట్టి, దాన్ని విడదీసే పని కూడా నాదే అయింది. ఈ దేశానికి వచ్చాక ఆయనకు ఇవాళ మూడోసారి డ్రైవింగ్ టెస్ట్. పాసైతే ఇక నా అవసరం ఉండదు.

పరీక్ష పెట్టే ఆవిడ పావుగంటలో ఆయన్ను వెనక్కి తీసుకొచ్చింది. "ప్రతి మలుపులోనూ హారన్ కొట్టారు," అంది, తప్పు నాదన్నట్టు నన్ను చూస్తూ.

"వస్తున్నామని చెప్పకుండా మలుపు తిరగడమేంటమ్మా? గుంటూరులో ముప్పై ఏళ్లు జీపు ఇలాగే నడిపాను," అన్నారు బిషప్ గారు తెలుగులో.

"ఏమంటున్నారు?" అని ఆవిడ అడిగింది.

"థాంక్యూ అంటున్నారు," అన్నాను.

తిరిగొచ్చేటప్పుడు, "ఇక్కడ హారన్ కొట్టకూడదని నువ్వైనా చెప్పలేదేం తల్లీ?" అన్నారు.

"చెప్పాను బిషప్ గారూ. మీకు వినపడలేదేమో."

కాన్వెంటులో సిస్టర్ల ముందే నోరెత్తని నేను, బిషప్ గారికి హారన్ వద్దని గట్టిగా ఎలా చెప్పను? కానీ మరీ అంత మెల్లగా చెప్పి ఉండాల్సింది కాదేమో.

ఆదివారం రెండు గంటల దూరంలోని చర్చిలో పిల్లలకు కన్ఫర్మేషన్ పూజ ఉంది. ఎనిమిదింటికి కారు తెమ్మన్నారు.

ఈ ఊళ్లో నేను తెలుగు మాట్లాడేది ఆ కారులోనే.