నొప్పి లేని పాదం

పత్తికొండ,
18 నవంబరు 2025, మంగళవారం.

శివానీ,

నిన్న ఫోన్‌లో చెప్పబోతే మీ నాన్న లాక్కుని, “మీ అవ్వకు చాదస్తం, పాపా” అన్నాడు. నువ్వూ నవ్వి పెట్టేశావు. రాస్తే చివరిదాకా చదువుతావని, ఇప్పుడే కడప బస్సు ఎక్కుతున్న నీ స్నేహితురాలు దీవెన చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

నువ్వు కొనిచ్చిన అడుగులు లెక్కపెట్టే వాచీ మంచిదే. దాన్ని చూసుకుంటూ మీ నాన్న నడిచాడు, షుగరు తగ్గింది. ఆ లెక్క నీ ఫోన్‌లో కనబడుతుంది, నువ్వు శభాష్ అంటావు. పాదం మాత్రం నీకు కనబడదు. కుడి బొటనవేలు పుండు పడి నల్లబడింది, వాసన వస్తోంది. గట్టిగా గిల్లాను, వాడికి తెలియనేలేదు.

“నొప్పే ల్యాదు కదమ్మా, ఊరికే దిగులు పడతాండావు. అడుగులు తగ్గితే పాప ఏమనుకుంటాది?” అంటాడు.

షుగరు తగ్గినందుకు ఎల్లుండి గురువారం మంత్రాలయానికి చెప్పుల్లేకుండా నడుస్తానని మొక్కుకున్నాడు. మీ తాత కాలు తీసేయడానికి ఆసుపత్రిలో సంతకం పెట్టింది నేను. కొడుకు కోసం మళ్లీ పెట్టలేను.

కాబట్టి:

1. ఇది చదవగానే ఫోన్ చేసి నడక ఆపమను. నీ మాటే వింటాడు.
2. రేపు పొద్దున వాణ్ణి కర్నూలు ఆసుపత్రికి తీసుకువస్తాను. నువ్వు నేరుగా అక్కడికి రా.
3. మొక్కు నేను తీరుస్తాను. స్వామి ఒప్పుకోకపోతే ఆ పాపం నా ఖాతాలో రాసుకుంటాడు.

మీ అవ్వ